ధమనీ కాఠిన్యము: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

ఏటేట ఈ సభయందు మేము పరీక్షా ఫలితములను గూర్చియు, తెలుగు మాధ్యమమును నిలుపుకొనవలసిన యావశ్యకతను గూర్చియు మాటలాడుట వాడుక. ఆ లెక్కలన్నియు కార్యదర్శిగారి నివేదికలో మీరు వినియేయున్నారు. ఈ యేడు మేము వేరొక విషయమును చెప్పదలచితిమి. అది మన పిల్లలదికాదు, పిల్లల తల్లిదండ్రులది. తండ్రి నిలిచినగాని పిల్లవాని చదువు నిలువదు. కావున ఇదియును పాఠశాల విషయమే యని మా నమ్మకము.

మా సహోపాధ్యాయులలో ఒకరు గడచిన సంవత్సరము మనలను విడిచిపోయిన సంగతి మీకందరకు తెలియును. వారి కుటుంబమువారి యనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాము. వారి వయస్సు ఏబదిరెండేండ్లు. బక్కపలుచని మనిషి. మాంసము ముట్టరు. దినమునకు రెండు మైళ్లు నడచి బడికి వచ్చెడివారు. ఆనాడు మూడవ గంటలో ఎదపై బరువు పెట్టినట్లున్నదనియు, ఎడమ భుజము లాగుచున్నదనియు చెప్పిరి. చెమటలు పట్టినవి. "గ్యాసు అయియుండును" అని వారే యనిరి. మేమును అట్లే తలచితిమి. అంగడినుండి సోడా తెప్పించి యిచ్చి, మా గదిలో బల్లపై పడుకొనబెట్టితిమి. అట్లు గంటన్నర కాలము గడచెను. తరువాత జీపులో తీసికొనిపోవుచుండగా దారిలోనే ప్రాణము పోయెను. ముప్పదియేండ్లుగా పాఠములు చెప్పుచున్న మేము ఆ గంటన్నరలో ఒక్క పాఠమైనను నేర్వనివారివలె కూర్చుంటిమి. ఆ సిగ్గుతోనే మేము ఈ విషయమును చదువ మొదలుపెట్టితిమి. చదివినది మీ ముందు పెట్టుచున్నాము. మేము వైద్యులము కాము, ఉపాధ్యాయులము. అర్థమైనంతవరకు చెప్పుదుము.

వారి మరణమును గూర్చి ఊరిలో అందరును అనిన మాట ఒకటి కలదు: "అంత సన్నని మనిషికి గుండెపోటెట్లు వచ్చినది? కొవ్వు ఎక్కడిది?" ఈ ప్రశ్నలోనే మన తెలియమి యంతయు ఉన్నది.

మనలో చాలమంది పెద్దలు తుంగభద్ర నీరు 1953లో కాలువలకు వదలిన తరువాత కోస్తా జిల్లాలనుండి ఈ ప్రాంతమునకు వచ్చి, క్యాంపులు వేసికొని, నేల చదును చేసికొన్నవారు. కాలువలో పూడిక పేరుకొనుట మనము చూచినదే. కావున రక్తనాళములలో కొవ్వు చేరుటయనగా నేతి జిడ్డు గొట్టము లోపల పూడికవలె పేరుకొనుట యని మనము అనుకొందుము. పూడిక తీసినట్లు దానిని తీసివేయవచ్చునని కషాయములు అమ్మువారు చెప్పుదురు. ఈ పోలిక సగము మాత్రమే నిజము. తక్కిన సగము తప్పు. ఆ తప్పును సరిదిద్దుటయే నేటి మా ప్రసంగములోని ముఖ్యాంశము.

గుండెకు రక్తము నిచ్చు ధమని మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే గలది. దాని గోడ మూడు పొరలది. అన్నిటికంటె లోపల, రక్తమును తాకుచు, ఒక్క కణము మందము గల నునుపైన అస్తరు కలదు. వ్యాధి పుట్టునది ఈ అస్తరుపైన కాదు, దాని క్రింద, గోడ లోపల. కాలువతో పోల్చవలెనన్నచో పూడికతో కాదు, గట్టుతో పోల్చవలెను. రాతి పరుపు సందులగుండ నీరు చొరబడి, పరుపు క్రిందనున్న మట్టిని నానజేయును. పైకి చూచువానికి కాలువ నిండుగనే పారుచుండును. ఒకనాడు పరుపు పగులును. అప్పుడు గండి. ధమనీ కాఠిన్యము గట్టులోని పుండువంటిది.

ఇక ఆ గోడలోనికి చొరబడునదేమి? కొలెస్టరాల్. ఈ పేరు వినగానే విషమని భయపడరాదు. ప్రతి కణముయొక్క పైపొర కట్టుటకు అది కావలెను. పైత్యరసమునకు, కొన్ని గ్రంథుల రసములకు అదియే ముడిసరకు. మనము తినకపోయినను మన కాలేయము దానిని తయారుచేయుచునే యుండును. శరీరములోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగము శరీరమే చేసికొనునది. మాంసము ముట్టని మా మిత్రుని శరీరములోను అది యుండుటకు కారణమిదియే.

కొవ్వు నీటిలో కలియదు. రక్తము నీటివంటిది. కావున కొలెస్టరాల్‌ను మోయుటకు ప్రకృతి చిన్న బండ్లను ఏర్పరచెను. వానిలో ఒకటి ఎల్.డి.ఎల్. అనునది. ఇది కాలేయమునుండి బయలుదేరిన కొలెస్టరాల్‌ను అవయవములకు చేర్చును. హెచ్.డి.ఎల్. అను వేరొకటి మిగిలిన దానిని తిరిగి కాలేయమునకు చేర్చుటలో సాయపడును. ఎల్.డి.ఎల్. బండి యెంత చిన్నదనగా, ఒక మిల్లీమీటరు పొడవున నలుబదివేలకు పైగా వరుసగా నిలుపవచ్చును. అంత చిన్నది కనుకనే అది అస్తరును దాటి గోడలోనికి జారగలదు. రక్తములో బండ్లు ఎక్కువైనకొలది జారునవియు ఎక్కువగును. రక్తపు పోటు, పొగాకు, మధుమేహము అస్తరును దెబ్బతీసినచో దారి మరింత సుగమమగును. గోడలో చిక్కుకొన్న బండ్లు అక్కడ కొంతకాలమునకు చెడును. ఇంటిలో నూనె నిలువయుండి కారువాసన వచ్చుటను మీరెరుగుదురు. అట్టి మార్పే వానికిని కలుగును. శాస్త్రజ్ఞులు దానిని ఆక్సీకరణ మందురు.

చెడిన సరకు ఎక్కడ నిలిచిన అక్కడికి శుభ్రము చేయువారు రావలెను గదా! శరీరములో ఆ పని తెల్లకణములది. ఈ సంగతిని మొదట కనుగొన్నవారు రష్యా దేశపు మెచ్నికోవ్ పండితులు. వారు 1882లో సిసిలీ ద్వీపమునందలి మెస్సీనాలో సముద్రపు నక్షత్రచేప పిల్ల శరీరములో ఒక ముల్లు గ్రుచ్చి, మరునాడు సూక్ష్మదర్శినిలో చూచిరి. సంచరించు కణములు ముల్లును చుట్టుముట్టి యుండెను. శరీరమునకు కావలివాండ్రు ఉన్నారనియు, వారు శత్రువును మ్రింగి రక్షింతురనియు వారు గ్రహించిరి. 1908లో వారికి నోబెల్ బహుమానము లభించెను. మ్రింగు కణములలో పెద్దవానికి మాక్రోఫేజి యని పేరు. మనము మహాభక్షక కణ మందము.

ధమని గోడలో చెడిన కొవ్వు చేరగానే అస్తరు కణములు పిలుపు పంపును. రక్తములో పోవుచున్న తెల్లకణము ఆ పిలుపు విని, అస్తరునకు అంటుకొని, సందుగుండ లోనికి దూరి, అక్కడ మహాభక్షక కణముగా మారును. చెడిన బండ్లను మ్రింగ నారంభించును. ఇది మంచి పనియే. కాని ఇచ్చటనే చిక్కు కలదు. ఆ చిక్కును విప్పినవారి కథ మన విద్యార్థులు తెలిసికొనదగినది.

అమెరికాలోని డల్లాస్ నగరమున గోల్డ్‌స్టీన్, బ్రౌన్ అను ఇద్దరు వైద్యులు 1970 తరువాతి సంవత్సరములలో కలిసి పని చేయుచుండిరి. కొన్ని కుటుంబములలో పుట్టుకతోనే కొలెస్టరాల్ మిక్కుటముగానుండి, చిన్న వయస్సులోనే గుండెపోటు వచ్చుటకు కారణమేమని వారు వెదకిరి. సామాన్య కణముపై ఎల్.డి.ఎల్.ను లోనికి తీసికొనుటకు ఒక ద్వారము కలదనియు, కణమునకు కావలసినంత చేరగానే అది ద్వారములను తగ్గించుకొనుననియు, ఆ కుటుంబములవారిలో ఈ ద్వారమే లోపించెననియు వారు కనుగొనిరి. 1985లో వారికి నోబెల్ బహుమానము వచ్చెను.

కాని ఒక ప్రశ్న మిగిలెను. ద్వారమే లేని రోగుల ధమనులలోను మహాభక్షక కణములు కొలెస్టరాల్‌తో క్రిక్కిరిసి యుండెను. ద్వారము లేనియింట సరకెట్లు చేరెను? 1979లో వారి బృందము దీనికి జాడ తీసెను. గాజుపాత్రలో పెంచిన మహాభక్షక కణములు స్వచ్ఛమైన ఎల్.డి.ఎల్.ను అంతగా ముట్టలేదు. రసాయనముచే మార్పు చెందిన ఎల్.డి.ఎల్.ను మాత్రము ఆత్రముగా మ్రింగెను. అనగా ఆ కణములకు వేరొక ద్వారము కలదు. అది చెడిన సరకును మాత్రమే గుర్తించును. అంతకంటె ముఖ్యమైనది, లోపల ఎంత నిండినను ఆ ద్వారము మూతపడదు. శాన్ డియాగో నగరములో స్టైన్‌బర్గ్ పండితుని బృందము అటుపిమ్మట శరీరములో సహజముగా కలుగు ఆక్సీకరణము ఎల్.డి.ఎల్.ను అట్లు మార్చగలదని చూపెను. ఈ ద్వారములకు పారిశుద్ధ్య గ్రాహకములని పేరు పెట్టవచ్చును. నేడు అట్టివి అనేకములు తెలియవచ్చినవి. సి.డి.36 అనునది వానిలో నొకటి.

ఇందులోని విషాదమును గమనింపుడు. సామాన్య కణమునకు "చాలు" అను మాట తెలియును. కావలివాడు మాత్రము "చాలు" అనలేడు. చెడినది కనబడిన తీయుటయే వాని ధర్మము. మ్రింగిన కొవ్వును వాడు జీర్ణము చేయును గాని కొలెస్టరాల్‌ను నాశనము చేయు శక్తి వానికి లేదు. విడిగానున్న కొలెస్టరాల్ కణమునకు హాని చేయును. అందుచే దానిని వేరొక రూపమునకు మార్చి, చిన్న చిన్న బిందువులుగా దాచుకొనును. కొంత భాగమును హెచ్.డి.ఎల్.కు అప్పగించి పంపును. ఈ అప్పగింతకు ఒక వాహక ప్రోటీను కావలెను. అమెరికా తీరమున టాంజియర్ అను చిన్న ద్వీపములో ఒక అరుదైన వంశవ్యాధి కనబడెను. ఆ రోగులలో ఈ ప్రోటీను చెడియుండి, హెచ్.డి.ఎల్. దాదాపు లేకుండుటయు, కావలి కణములలో కొలెస్టరాల్ నిలిచిపోవుటయు జరుగును. దీని మూలకారణము 1999లో తేలెను.

రాక యెక్కువై పోక తక్కువైనప్పుడు ఏమగును? కణమునిండ కొవ్వు బిందువులే. సూక్ష్మదర్శినిలో అది నురుగు ముద్దవలె కనబడును. అందుచే దానిని నురుగు కణమందురు. గోడలోని కండర కణములు కొన్ని కూడ ఇట్లే నురుగు కణములగును. ఇవి గుంపుగా చేరినచోట పసుపు చారలు ఏర్పడును. నురుగు కణము కదలలేదు, బయటికి పోలేదు. మరికొన్ని కణములను పిలుచుచు, వాపు కలిగించు ద్రవ్యములను వదలుచు నుండును. కొలెస్టరాల్ స్ఫటికములుగా గడ్డకట్టి వానిని ఇంకను రేపును. తుదకు కణము చచ్చును. చచ్చిన దానిని తీయుటకు వచ్చిన వేరొక కణమునకును అదే గతి పట్టును. అట్లు చచ్చిన కణములును కొవ్వును కలిసి గోడ నడుమ మెత్తని ముద్దగా నిలుచును. ఈ వ్యాధికి పాశ్చాత్యులు పెట్టిన "అథెరో స్క్లెరోసిస్" అను పేరులో మొదటి భాగము గ్రీకు భాషలో అంబలి యను అర్థమిచ్చు పదము, రెండవది కాఠిన్యము. గోడలో అంబలి, దానిపై గట్టి పొర: పేరులోనే వ్యాధియంతయు ఉన్నది.

ఆ గట్టి పొర మందముగా నున్నంతకాలము ప్రమాదము తక్కువ. వాపు హెచ్చిన చోట కావలి కణములు వదలు రసములు ఆ పొరనే తినివేయును. అది పలుచనై ఒకనాడు చిట్లును. లోపలి అంబలి రక్తమును తాకగానే, గాయమైనదని తలచి రక్తము అక్కడ గడ్డకట్టును. నిమిషములలో దారి మూసికొనును. గుండెకు రక్తము చాలక కండరము చచ్చుట మొదలగును. ఇదియే గుండెపోటు. మెదడునకు పోవు నాళములలో నైనచో పక్షవాతము. చిట్లుటకు ముందు ఆ దారి సగమైనను మూసికొనియుండ నక్కరలేదు. నిన్నటివరకు నడచిన మనిషి నేడు కూలుటకు ఇదియే కారణము. మా మిత్రుని విషయమున మాకు అర్థము కానిది ఇదియే. ఇప్పుడు అర్థమైనది.

ఇది ముసలితనపు జబ్బని కొందరనుకొందురు. 1953లో అమెరికా సైనిక వైద్యులు కొరియా యుద్ధమున మరణించిన 300 మంది సైనికుల గుండెలను పరీక్షించిరి. వారి సగటు వయస్సు ఇరువదిరెండేండ్లు. నూటికి డెబ్బదియేడుగురిలో హృద్ధమనులందు ఈ వ్యాధి లక్షణములు కంటికి కనబడెను. విత్తనము పడుట బడి వయస్సులోనే, పంట కోతకు వచ్చుట మన వయస్సులో.

ఇది పట్టణములవారి వ్యాధి, ధనవంతుల వ్యాధి యనుటయు సరికాదు. మన తెలుగునాటి సాక్ష్యమే వినుడు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనులలో, 2003-04లో ఒక సంవత్సర కాలమున సంభవించిన 1,354 మరణములకు కారణములను ఇంటింట విచారించిరి. నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధులవలననే. అంటువ్యాధుల వాటా నూటికి 12 మాత్రమే. మనలో అనేకుల బంధువులు నేటికిని నివసించుచున్న పల్లెల సీమ అది. పొలము పని చేయువారు, రైతులు, కూలీలు ఉన్న గ్రామములవి.

మరియొక సాక్ష్యము హైదరాబాదు పరిసర గ్రామములది. అక్కడ 1987 నుండి 1990 వరకు 15 గ్రామములలో గర్భిణులకును చిన్నపిల్లలకును అదనపు పోషకాహార మిచ్చిరి, 14 గ్రామములలో ఇవ్వలేదు. ఆ కాలమున పుట్టిన పిల్లలను 13 మొదలు 18 ఏండ్ల వయస్సులో, 1,165 మందిని, మరల పరీక్షించిరి. పోషణ దొరికిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. వారి ధమనులు కొంత తక్కువ బిరుసుగా నుండెను. కొలెస్టరాల్‌లో మాత్రము చెప్పదగిన భేదము కనబడలేదు. ధమనుల బిరుసుతనమును, మేము చెప్పిన అంబలి పుండును ఒకటే కావు. ఐనను తల్లి కడుపులోనున్నప్పటి పోషణ పదునైదేండ్ల తరువాత ధమని గోడపై జాడ విడుచునని తెలియుట సామాన్య విషయము కాదు. ఇంటి కోడలు గర్భవతిగా నున్నప్పుడు ఆమె పళ్లెములో ఏమున్నదని చూచుటకూడ గుండెను కాపాడుటలో భాగమే.

ఇక చికిత్స. ఈ వ్యాధిని గూర్చి పూర్వము రెండు వాదములుండెను. జర్మనీలో విర్చో పండితుడు 1856లోనే ఇది గోడలోని వాపు అనెను. రష్యాలో అనిచ్‌కోవ్ 1913లో కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి వ్యాధిని పుట్టించి, ఇది కొవ్వు వలన ననెను. నురుగు కణము రెండు వాదములను కలిపినది. కొవ్వును మ్రింగునదియు అదియే, వాపును పెంచునదియు అదియే. అట్లయినచో వాపును అణచు మందిచ్చిన మేలు కలుగునా?

ఇచ్చట ఒక తెలుగువాని పేరు వచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలందు పరిశోధనాధిపతిగా నుండి, ఫోలిక్ ఆమ్లమును తయారు చేయించిరి. దానికి విరుద్ధముగా పనిచేయు మందులు వారి బృందమునుండియే వెలువడెను. వానిలో మెథోట్రెక్సేట్ ఒకటి. సుబ్బారావుగారు 1948లో మరణించిరి. వారి బృందపు మందు క్యాన్సరునకును, కీళ్లవాపునకును నేటికిని వాడబడుచున్నది. అది గుండెను కాపాడునేమో యని 4,786 మంది రోగులపై ఒక పెద్ద పరీక్ష జరిగెను. 2018లో ఫలితము వెలువడినది: ప్రయోజనము కనబడలేదు. మనవాని మందు ఓడినదని మనము చిన్నబుచ్చుకొన నక్కరలేదు. ఓటమిని దాచక ప్రకటించుటయే శాస్త్రముయొక్క నిజాయితీ. మన విద్యార్థులు దీనిని మరువరాదు.

దానికి ముందటి యేడు, 2017లో, వాపునకు కారణమగు ఒక్క సంకేతమును మాత్రమే అడ్డగించు వేరొక మందును పదివేలకు పైగా రోగులపై పరీక్షించిరి. ఎల్.డి.ఎల్. తగ్గకయే గుండెపోటువంటి ఆపదలు నూటికి పదునైదు వంతులు తగ్గెను. వాపు నిజముగా దోషియేయని రుజువైనది. కాని ఆ మందు తీసికొన్నవారిలో ప్రాణాంతకమగు అంటురోగములు కొంత హెచ్చెను. కావలివాని చేతులు కట్టినచో దొంగలు రాకుందురా?

కావున నేటికి అందరకు అందుబాటులోనున్న ఉపాయము కావలివానిని శిక్షించుట కాదు, వానిపై పడు చెత్తను తగ్గించుట. జపానులో ఎండో అను శాస్త్రజ్ఞుడు 1970 తరువాతి సంవత్సరములలో బూజునుండి తీసిన పదార్థముతో స్టాటిన్ అను మందులకు మార్గము వేసెను. ఇవి కాలేయము కొలెస్టరాల్ చేయుటను తగ్గించి, రక్తములోని ఎల్.డి.ఎల్.ను ఎక్కువగా లోనికి లాగికొనునట్లు చేయును. 1994లో వెలువడిన యూరపు ఉత్తర దేశముల పరీక్షలో 4,444 మంది రోగులను సమానముగా రెండు గుంపులు చేసి ఐదేండ్లకు పైగా గమనించిరి. ఉత్త మాత్ర మ్రింగినవారిలో 256 మంది మరణించిరి. మందు మ్రింగినవారిలో 182 మంది. ఆ డెబ్బదినాలుగు ప్రాణముల భేదమును తలచుకొనుడు.

మన ఊళ్లలో ఒక దురభ్యాసము కలదు. వైద్యుడు వ్రాసిన రక్తపు పోటు మాత్రలు రెండు నెలలు వేసికొని, "ఇప్పుడు బాగున్నది" అని మానుదురు. మా మిత్రుడును అట్లే మానిరి. దినమునకు ఒక బీడీ కట్ట కాల్చెడివారు. సన్నని దేహము ఆయనను కాపాడలేదు. గోడలోని పుండు నొప్పి తెలియనిది. బాగున్నదనిపించుట మందు పనిచేయుచున్నందుననే. మానుట, మార్చుట వైద్యుని యడిగియే చేయవలెను.

చేయవలసినవి కొద్దిగా చెప్పుదుము. ముప్పదియేండ్లు దాటినవారు సంవత్సరమునకొకసారి రక్తపు పోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్ష చేయించుకొనుడు. తండ్రికో అన్నకో చిన్న వయస్సులో గుండెపోటు వచ్చియున్నచో ఇంకను ముందే చేయించుడు. బీడీ, సిగరెట్టు, గుట్కా విడువుడు. పిల్లవానిని బీడీలకై అంగడికి పంపకుడు. మన ఊరగాయలను మేమును విడువలేము గాని, పూటపూట గిన్నెడు వేసికొనుట తగ్గింపుడు. అప్పడములు, ఊరగాయలు, మజ్జిగ మిరపకాయలు మూడును ఒకే విస్తరిలో ఉప్పును మూడింతలు చేయును. కాచిన నూనెనే మరల మరల కాచకుడు. వనస్పతివంటి గట్టిపరచిన నూనెలలోని చెడు కొవ్వును మన దేశము 2022 నుండి నూటికి రెండు పాళ్లకు పరిమితము చేసినది. ఇంటిలోను ఆ పరిమితిని మనమే పెట్టుకొనవలెను. పప్పులు, ఆకుకూరలు, జొన్నరొట్టె ఈ రాయచూరు సీమ మనకిచ్చిన మంచి భోజనము. పొరుగు కన్నడ సోదరుల యింట నేర్చుకొనదగినది.

కడపటి మాట, అన్నిటికంటె ముఖ్యమైనది. ఎదపై బరువు, మంట, భుజమునకో దవడకో ప్రాకు నొప్పి, చెమట, ఆయాసము కలిగినచో సోడాతో కాలము గడపరాదు. స్త్రీలలోను, చక్కెర వ్యాధి గలవారిలోను నొప్పి లేక ఆయాసము, వాంతి, నీరసము మాత్రమే యుండవచ్చును. వెంటనే 108కి ఫోను చేయుడు. కర్ణాటక ప్రభుత్వము 2023లో కీర్తిశేషులు పునీత్ రాజ్‌కుమార్ పేర హృదయజ్యోతి యోజనను ఆరంభించెను. ఆ నటుడు 2021లో నలుబదియారేండ్లకే హృదయము ఆగి మరణించిన సంగతి మీరెరుగుదురు. యోజనలో చేరిన ఆసుపత్రులలో ఇ.సి.జి. తీసి, దూరముననున్న హృద్రోగ నిపుణులకు పంపి, అవసరమైనచో గడ్డను కరగించు సూదిమందును ఉచితముగా ఇత్తురు. మనకు ఒక ప్రక్క లింగసుగూరు, వేరొక ప్రక్క సింధనూరు. ఏ ఆసుపత్రిలో ఏ సౌకర్యమున్నదో ఆపద రాకముందే తెలిసికొని గోడపై వ్రాసి పెట్టుకొనుడు. ఇక మా పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశము జరుగు ప్రతి దినమున రక్తపు పోటు చూచు ఏర్పాటు చేయుటకు సంఘమువారు సమ్మతించిరి. ఈసారి వచ్చునప్పుడు పిల్లల మార్కులతోబాటు మీ అంకెలు కూడ చూచుకొనుడు.

మన మస్కి కొండమీది శాసనము 1915లో బయల్పడెను. దేవానాంప్రియుడను బిరుదుతో వ్రాయించిన రాజు అశోకుడేయని తేల్చుటకు ఆ శిలపైనున్న పేరే తోడ్పడెను. గొప్పవారే కాదు, ప్రయత్నించినచో అల్పులును ఉన్నతిని పొందగలరని దానిలోని భావము. మన కర్నూలు సీమలోని ఎర్రగుడిలో గల అతని వేరొక శాసనమున మనుష్యులకును పశువులకును చికిత్సాసౌకర్యములు కల్పించిన సంగతి కలదు. రెండువేల రెండువందల యేండ్లకు పైబడిన ఆ మాటల నీడలో మనము నివసించుచున్నాము. ఎల్.డి.ఎల్. బండ్లను కనుగొనుట గొప్పవారి పని. మాత్ర మానకుండుట, బీడీ మానుట, సోడా బదులు ఫోను తీసికొనుట మనవంటి సామాన్యుల చేతిలోనిది.

కంటికి కనబడని ఒక కావలివాడు మీ ధమని గోడలో రేయింబవళ్లు చెత్త మోయుచున్నాడు. వానికి "చాలు" అనుట రాదు. వాని తరపున మీరు అనవలెను. మా గదిలోని ఆ బల్లపై మరియొకరు పడుకొనవలసిన దినము రాకుండుగాక యని కోరుచున్నాము.